అంగం వంకరగా ఉంటే ఇంట్లో ఏం చూస్కోవాలి, యూరాలజిస్ట్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి

వంకర ఎంత ఉంటే ప్రాబ్లం అని అందరూ అడుగుతారు గానీ డాక్టర్ మొదట అడిగేది అది కాదు, ఎప్పట్నుంచి ఉందీ అని. మీసాలొచ్చిన వయసు నుంచీ అలాగే ఉండి ఇప్పటికీ అంతే ఉన్నదొకటి, మొన్నమొన్నటిదాకా తిన్నగా ఉండి ఈ నాలుగైదు నెలల్లో వంగడం మొదలైనదొకటి, ఈ రెండూ చూడ్డానికి ఒకేలా కనపడినా వేరే వేరే సంగతులు. కాబట్టి అద్దం ముందుకెళ్ళే ముందే ఈ ప్రశ్నకి జవాబు ఆలోచించుకోండి, కింద రాసిందంతా దానిమీదే నడుస్తది.

ముందుగా ఇవి చూడండి, ఏ ఒక్కటున్నా చదవడం ఆపి బయల్దేరండి

కలిసేటప్పుడు జారి ఎదుటి మనిషి ఎముకకి తగిలినా, లేచి ఉన్నదాన్ని దాచాలని చేత్తో గట్టిగా వంచినా, ఒక్కోసారి టక్కుమని చప్పుడొచ్చి వెంటనే మెత్తబడిపోయి గంటలోపే వాచి వంకాయ రంగుకి తిరుగుద్ది. లోపల గట్టి పొర చిరిగిందన్నమాట. అక్కడ ఎముకేం లేకపోయినా డాక్టర్లు దీన్ని పెనైల్ ఫ్రాక్చర్ అనే అంటారు, ఆపరేషన్ చేసి కుట్టాలి, వీలైతే ఆ రోజే. మూత్రంలో గానీ మూత్రం వచ్చే రంధ్రం దగ్గర గానీ రక్తం కనపడితే మూత్రనాళం కూడా దెబ్బతిని ఉండొచ్చు. సిగ్గుపడి ఐస్ పెట్టుకుని పొద్దున్న చూద్దాంలే అని పడుకున్నవాళ్ళకి తర్వాత అదే చోట మచ్చ గట్టిపడి వంకర మిగిలిపోయే ఛాన్స్ ఉంది, స్తంభన కూడా తగ్గొచ్చు.

ఇంకోటి, కోరికతో సంబంధం లేకుండా నాలుగు గంటలు దాటినా గట్టిగానే ఉండిపోవడం, నొప్పితో. స్తంభన కోసం మాత్రలేసుకున్నా వేసుకోకపోయినా ఇది ఎమర్జెన్సీయే, గంటలు గడిచేకొద్దీ లోపల కండ పాడైపోద్ది. సికిల్‌సెల్, అంటే రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు, ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ, మన ఏజెన్సీ ఏరియాల్లో ఆ జబ్బున్న కుటుంబాలున్నాయి కాబట్టి ఇంట్లో కుర్రాళ్ళకి ఈ ముక్క చెప్పి ఉంచండి, నొప్పి భరిస్తూ ఎవరికీ చెప్పకుండా రాత్రంతా కూర్చోకుండా.

మూడోది, వెనక్కి లాగిన ముందు తోలు మళ్ళీ ముందుకి రాకుండా మొన వెనకాల ఉంగరంలా బిగుసుకుపోయి మొన వాచిపోవడం. ఇదీ ఆ పూటే వెళ్ళాలి.

ఈ మూడింటికీ ఓపీ టైం కోసం ఆగొద్దు, క్యాజువాలిటీకి వెళ్ళండి.

1. గట్టిపడినప్పుడే చూడండి, మెత్తగా ఉన్నప్పుడు కాదు

స్నానం చేస్తూ కిందకి చూసి ఎడమకి వాలిందనో ముడుచుకుపోయిందనో భయపడేవాళ్ళే ఎక్కువ. మెత్తగా ఉన్నప్పుడు ఎటు వాలినా దానికి లెక్కలేదు, చలికి ముడుచుకోవడం మామూలే, డ్రాయర్లో ఏ వైపు సర్దుకుంటారో దాన్నిబట్టి ఒక పక్కకి అలవాటు కూడా పడుద్ది. వంపు అనేది స్తంభన వచ్చినప్పుడే తేలుద్ది, అదీ పూర్తిగా గట్టిపడినప్పుడు, సగం సగం ఉన్నప్పుడు చూస్తే తప్పు లెక్క వస్తది.

డాక్టర్‌కి చూపించడానికి ఫోటోలు తీస్కోవాలి, ఇది నేను కనిపెట్టింది కాదు, యూరాలజిస్టులే (మూత్రనాళం, మగవాళ్ళ అంగం సమస్యలు చూసే డాక్టర్లు) తెమ్మంటారు, ఎందుకంటే వాళ్ళ ముందు టేబుల్ మీద పడుకున్నప్పుడు ఎవరికీ లేవదు కదా. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, మూడు చాలు. మొహం రాకుండా, వెనక గోడమీద క్యాలెండర్లు పెళ్ళిఫోటోలు పడకుండా చూస్కోండి. అన్నిటికన్నా ముందు ఫోన్లో ఆటోమేటిక్ బ్యాకప్ ఆపండి, లేకపోతే ఆ ఫోటో వెళ్ళి ఇంట్లో టీవీలో స్లైడ్‌షోలా తిరుగుద్ది, పిల్లల ట్యాబ్ కూడా అదే అకౌంట్‌లో ఉంటది. లాక్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టి, డాక్టర్ చూశాక తీసేయండి. 18 నిండనివాళ్ళు మాత్రం అసలు ఫోటోలు తీయొద్దు, నాన్నకో మావయ్యకో చెప్పి నేరుగా డాక్టర్ దగ్గరికెళ్ళడమే.

తర్వాత పిల్లల జామెట్రీ బాక్స్‌లోంచి డి ఆకారంలో ఉండే ప్రొట్రాక్టర్ తీస్కుని ఫోన్ స్క్రీన్ మీదే పెట్టండి. మొదలు నుంచి వంగిన చోటుదాకా ఒక గీత, అక్కడ్నుంచి మొనదాకా ఇంకో గీత ఉన్నట్టు అనుకుని, మొదటి గీత తిన్నగా సాగితే ఎటు పోయేదో అక్కడ్నుంచి రెండోది ఎంత పక్కకి తిరిగిందో చూడండి. పది, పదిహేను డిగ్రీలైతే అది వంకర కూడా కాదు, మగాళ్ళలో బోల్డుమందికి ఆ మాత్రం ఉంటది, పైకి గానీ పక్కకి గానీ. సుమారు 30 డిగ్రీల లోపు ఉండి నొప్పి లేకుండా కాపురానికి అడ్డం రాకపోతే ఎక్కువమందికి ట్రీట్‌మెంటే అక్కర్లేదు. తేదీ రాసుకోండి. ఒక్క ఫోటోతో తెలిసేది తక్కువ, రెండు మూడు నెలల తర్వాత అలాగే తీసి పక్కపక్కన పెడితేనే అసలు విషయం బయటపడేది. అలాగని రోజూ కొలవకండి, రోజూ కొలిచేవాడికి రోజుకో డిగ్రీ పెరిగినట్టే కనపడుద్ది.

2. చేత్తో తడిమి చూడండి, తర్వాత అరచేయి కూడా

ఇది మెత్తగా ఉన్నప్పుడు చేయాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మొదలు నుంచి మొనదాకా మెల్లగా జరుపుతూ రండి, ముఖ్యంగా పైభాగం. ఎక్కడైనా శనగబద్దంత గానీ చిన్న పలకలా గానీ గట్టిగా తగిలితే గుర్తుపెట్టుకోండి. చర్మం మీద జరిగే గడ్డ కాదు, లోపల అతుక్కుని ఉన్న గట్టితనం. అలాగే అరచేయి కూడా చూడండి, ఉంగరంవేలు చిటికెనవేలు కింద తాడులా గట్టిపడి వేళ్ళు పూర్తిగా చాచలేకపోతున్నారా? నవ్వులాటగా అనిపిస్తది కానీ ఆ చేతి జబ్బుకీ ఈ అంగం లోపలి మచ్చకీ చుట్టరికం ఉంది, ఒకటున్నవాళ్ళలో కొంతమందికి రెండోదీ ఉంటది. డాక్టర్ చేతులు చాచమంటే ఎందుకూ అని ఆశ్చర్యపోకండి.

3. ఏది పుట్టుక, ఏది జబ్బు

పుట్టుకతో వచ్చే వంపు ఎక్కువగా కిందకి ఉంటది, యుక్తవయసులో స్తంభనలు మొదలయ్యాకే తెలుస్తది, గడ్డ తగలదు, నొప్పి ఉండదు, ఏళ్ళు గడిచినా మారదు. ఇది హస్తప్రయోగం వల్ల వచ్చింది కాదు. కుడిచేత్తో చేస్తే ఎడమకి వంగుద్ది అని హాస్టళ్ళలో చెప్పుకునే మాటకి ఆధారం ఏమీ లేదు, ఆ మాట నమ్మి పెళ్ళిచూపులే వాయిదా వేసుకునే కుర్రాళ్ళున్నారు. దీనికి మందుల్లేవు, అవసరం కూడా ఎక్కువమందికి ఉండదు, కలవడానికి కుదరనంత వంపు ఉంటే మాత్రం ఆపరేషన్‌తో సరిచేస్తారు.

రెండోది పెరోనీస్ జబ్బు. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ దగ్గర సర్జన్‌గా ఉన్న ఫ్రాన్సువా ద ల పెరోనీ 1743లో దీని గురించి రాశాడు, ఆయన పేరే నిలిచిపోయింది, అంటే ఇది మీ ఒక్కళ్ళకే వచ్చిన వింత కాదు. ఎక్కువగా నలభై, అరవై మధ్య వయసులో కనపడుద్ది, చిన్నవయసులో రాకూడదని లేదు. కలిసేటప్పుడు తెలీకుండా తగిలే చిన్నచిన్న దెబ్బలు కొంతమందిలో సరిగా మానక లోపలి పొరలో మచ్చలా గట్టిపడతాయి. సైకిల్ ట్యూబ్‌కి పంక్చర్ ప్యాచ్ వేశాక బయటపెట్టి గాలి కొట్టి చూడండి, ప్యాచ్ ఉన్న చోట సాగదు, ట్యూబ్ అటు వైపే వంగుద్ది, ఇక్కడా అదే జరుగుద్ది. మచ్చ పైన ఉంటే పైకి, పక్కన ఉంటే పక్కకి, చుట్టూతా ఉంటే మధ్యలో సన్నబడి నడుం కట్టినట్టవుద్ది. పొడవు తగ్గినట్టు కూడా అనిపిస్తది, అది భ్రమ కాదు, నిజంగానే కొంత తగ్గుద్ది. షుగర్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ చూస్తారు, స్తంభన తగ్గడం కూడా దీనితోపాటు వస్తూ ఉంటది.

దీనికి రెండు దశలు. మొదట్లో నొప్పి, వంపు నెలనెలా మారుతూ ఉండడం, ఇది ఏడాది, ఏడాదిన్నర దాకా నడవొచ్చు. తర్వాత నొప్పి దానంతటదే పోద్ది చాలామందికి, వంపు మాత్రం ఎక్కడికక్కడ ఆగిపోద్ది. తనంతట తానే తిన్నగా అయిపోయేది కొద్దిమందికే. అందుకే నొప్పి పోయింది కదా తగ్గిపోతున్నట్టుంది అని ఇంట్లో కూర్చోవడం తప్పు, మొదటి దశలోనే చూపించుకోవాలి.

ఇంకా చూస్కోగానే గుండె ఝల్లుమనిపించేవి కొన్నుంటాయి, వాటితో భయం లేదు. మొన చుట్టూ అంచున వరసగా ముత్యాల్లా చిన్న పొక్కులు, తోలుమీద ఆవగింజంత తెల్లటి చుక్కలు, కింద మధ్యలో కుట్టేసినట్టు పొడుగ్గా గీత, పైకి తేలిన నరం, ఇవన్నీ శరీరంలో ఉండేవే. గిల్లొద్దు, ఎండబెట్టే పౌడర్లు పూయొద్దు.

సైజు సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తా. 2015లో వచ్చిన ఒక పెద్ద స్టడీలో పదిహేను వేలకి పైగా మగాళ్ళ కొలతలు కలిపి చూస్తే గట్టిపడినప్పుడు సగటు సుమారు 13 సెంటీమీటర్లు, అదీ డాక్టర్లు స్కేల్‌ని పైనుంచి ఎముకకి ఆనించి కొలిస్తే. పొట్ట ముందుకొచ్చినవాళ్ళకి ఆ మొదలు కొవ్వులోకి పోయి చిన్నగా కనపడుద్ది. ఫోన్లో చూసే వీడియోలతో పోల్చుకుంటే ఎవడికైనా తక్కువే.

4. తోలు, పుండు, రంగు

షుగర్ ఉన్నవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చదవండి. ముందు తోలు కొత్తగా బిగుసుకుంటుంటే, చివర్లో సన్నగా చీలికలు పడి మంట పెడుతుంటే, ఎర్రబడి దురదపెడుతుంటే ముందు షుగర్ చెక్ చేయించండి, చాలాసార్లు తెలియని షుగర్ ఇలాగే బయటపడుద్ది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్ళకి మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి అక్కడ ఫంగస్ వచ్చే అవకాశం ఎక్కువ. మాత్ర మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌కే చెప్పండి. మూత్రం పోసాక కడుక్కుని ఆరనివ్వడం అలవాటు చేస్కుంటే సగం తగ్గుద్ది. మందుల షాపులో కలగూరగంప లాంటి క్రీములుంటాయి, యాంటీబయాటిక్, స్టెరాయిడ్, ఫంగస్ మందు అన్నీ కలిపి ఒకే ట్యూబులో, అది మాత్రం పూయొద్దు, నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ ఇంకా గట్టిగా వస్తది.

రెండు మూడు వారాలైనా మానని పుండు, మాంసం పెరిగినట్టు గడ్డ, తోలు కింద్నుంచి వాసనతో రసి, రక్తం, ఇవుంటే నొప్పి లేదు కదా అని వదిలేయొద్దు. అంగానికీ క్యాన్సర్ వస్తది, తోలు వెనక్కి రానివాళ్ళలో, పొగతాగేవాళ్ళలో రిస్క్ ఎక్కువ, మొదట్లో పట్టుకుంటే అంగం మిగులుద్ది.

5. ఎవరి దగ్గరికి, ఏమని చెప్పాలి

నేను మందుల షాపులో కూర్చుంటాను. నలభై దాటిన మనిషి వస్తాడు, తలనొప్పి మాత్ర అడుగుతాడు, పక్కనున్నవాళ్ళు వెళ్ళేదాకా చిల్లర లెక్కపెట్టుకుంటూ నిలబడి అప్పుడు ఫోన్ తీసి ఏదో తైలం యాడ్ చూపించి, ఇది మీ దగ్గర ఉంటదా అన్నా అని గొంతు తగ్గించి అడుగుతాడు. అన్నా ఇది తైలంతో పోయేది కాదు, యూరాలజిస్ట్‌కి చూపించుకో అంటే, ఆయన కిడ్నీలో రాళ్ళ డాక్టర్ కదా అంటాడు. రాళ్ళ డాక్టరే, ఇదీ ఆయన పనే. బోర్డు మీద ఎంసీహెచ్ యూరాలజీ అనో డీఎన్‌బీ, డీఆర్‌ఎన్‌బీ యూరాలజీ అనో డిగ్రీ ఉందా చూడండి. గుప్తరోగాల స్పెషలిస్ట్, సంతాన సాఫల్య వైద్యరత్న అని గోడలమీద రాయించుకునేవాళ్ళూ బస్టాండ్ పక్కన డేరా వేసేవాళ్ళూ వేరే జాతి. శక్తి పెంచుతామని, నపుంసకత్వం పోగొడతామని ఇలా మందులకి ప్రకటనలివ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, అయినా మూత్రశాల గోడల మీద అతికిస్తూనే ఉంటారు.

డబ్బు ఇబ్బంది అయితే పెద్ద గవర్నమెంట్ ఆస్పత్రుల్లో యూరాలజీ ఉంది, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్, గుంటూరు పెద్దాస్పత్రి. ఓపీ ఏ రోజుల్లోనో ముందే కనుక్కుని పొద్దున్నే వెళ్ళండి. చీటీ రాసే కౌంటర్లో వివరాలు చెప్పక్కర్లేదు, యూరాలజీ అంటే చాలు. లోపలికెళ్ళాక మాత్రం నీరసం, వీక్‌నెస్ అని చుట్టూ తిప్పకండి, ఆయన బీ కాంప్లెక్స్ రాసి పంపించేస్తారు. ఇలా అనండి: సార్, గట్టిపడినప్పుడు పైకి వంగుతోంది, ఐదు నెలలైంది, అంతకుముందు లేదు, నొప్పి ఉంది, గట్టితనం కూడా తగ్గింది, షుగర్ ఉంది. ఆ ఒక్క మాటకే సగం పరీక్ష అయిపోద్ది. గదిలో నర్సమ్మో స్టూడెంట్లో ఉండి ఇబ్బందిగా ఉంటే సార్ కాసేపు విడిగా మాట్లాడాలి అనండి, తప్పేం లేదు. వాడే మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి, ముఖ్యంగా గుండెకి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటివి ఉంటే తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే స్తంభనకి రాసే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర దానితో కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తది.

ఎప్పుడు వెళ్ళాలో మళ్ళీ గజిబిజి కాకుండా చెప్తా: వంపు కొత్తగా వచ్చినా, పెరుగుతున్నా, గడ్డ తగిలినా, నొప్పున్నా, కలవడానికి అడ్డమైనా, స్తంభన నిలవకపోయినా ఈ నెల్లోనే వెళ్ళండి. చిన్నప్పట్నుంచీ ఉన్నదే అయి ఏ బాధా లేకపోతే వెళ్ళక్కర్లేదు, అయినా మనసులో పెట్టుకుని రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే అదీ వెళ్ళడానికి కారణమే, పది నిమిషాల్లో తేలిపోద్ది.

6. అక్కడ ఏం చేస్తారు

చేత్తో చూస్తారు, ఫోటోలు చూస్తారు. అవసరమైతే అక్కడే ఒక చిన్న ఇంజెక్షన్ ఇచ్చి స్తంభన తెప్పించి వంపు కొలిచి డాప్లర్ స్కానింగ్ తీస్తారు, రక్తం ఎలా వస్తోంది, మచ్చ ఎక్కడుంది, సున్నం పేరుకుందా అని. సూది సన్నది, అనుకున్నంత నొప్పుండదు. ఇంటికొచ్చాక నాలుగు గంటలు దాటినా దిగకపోతే వెంటనే తిరిగి వెళ్ళాలి, ఆ నంబర్ ముందే తీస్కోండి.

మొదటి దశలో నొప్పికి మాత్రలు, కొంతమందికి సాగదీసే ట్రాక్షన్ పరికరం, మచ్చలోకి ఇంజెక్షన్లు. విటమిన్ ఇ మాత్రలు ఏళ్ళతరబడి రాస్తూ వచ్చారు గానీ అమెరికా యూరాలజీ సంఘం 2015 గైడ్‌లైన్‌లోనే వాటిని వాడొద్దని చెప్పేసింది. మచ్చని కరిగించే కొలాజినేజ్ ఇంజెక్షన్‌కి అమెరికాలో 2013లో అనుమతొచ్చింది, గడ్డ తగులుతూ 30 డిగ్రీలు దాటిన వంపున్నవాళ్ళకి. దాని వల్ల పైన చెప్పిన ఫ్రాక్చర్ అయ్యే ప్రమాదం ఉందని హెచ్చరిక కూడా పెట్టారు, కాబట్టి అది ట్రైనింగ్ ఉన్న చేతిలోనే జరగాలి. గాలి తీసే పంపులు, బరువులు ఆన్‌లైన్‌లో కొని సొంతంగా మొదలెట్టకండి, ఉన్న గాయం మీద ఇంకో గాయం అవుద్ది.

ఆపరేషన్ అనేది వంపు కనీసం మూడు నుంచి ఆరు నెలలు మారకుండా ఆగాకే. వంపుకి ఎదురువైపు కుట్లేసి తిన్నగా చేసేది తేలిక, ఫలితం బాగుంటది, కాకపోతే పొడవు కొంత తగ్గుద్ది. మచ్చని కోసి అతుకు వేసేది ఎక్కువ వంపున్నవాళ్ళకి, దాంట్లో స్తంభన తగ్గే రిస్క్ ఎక్కువ. మాత్రలకీ లేవనివాళ్ళకి లోపల ఇంప్లాంట్ పెడతారు. సంతకం పెట్టే ముందు పొడవు ఎంత తగ్గుద్ది, స్పర్శ తగ్గుద్దా, మళ్ళీ వంగితే ఏంటి అని మూడూ అడగండి, మొహమాటపడొద్దు, ఇంట్లో ఆవిడని కూడా ఆ రోజు తీస్కెళ్తే మంచిది, కాపురం ఇద్దరిదీ కదా.

7. మగపిల్లలున్న అమ్మానాన్నలకి

పుట్టిన బాబుకి మూత్రం మొన దగ్గర కాకుండా కింద్నుంచి వస్తుంటే, మొన మీద తోలు టోపీలా ఒకవైపే ఉంటే, కిందకి వంగి ఉంటే అది హైపోస్పేడియాస్ కావొచ్చు. పిల్లల సర్జన్‌కి గానీ యూరాలజిస్ట్‌కి గానీ చూపించండి, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్యలో సరిచేస్తారు. సున్తీ చేయించే ఇళ్ళలో ఒక్క సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి, ఇలాంటి బాబుకి డాక్టర్ చూసేదాకా సున్తీ చేయించొద్దు, సరిచేసే ఆపరేషన్‌కి ఆ తోలే కావాల్సి రావొచ్చు. ఇక మామూలు పసిపిల్లల్లో ముందు తోలు వెనక్కి రాకపోవడం సహజం, నూనె రాసి రోజూ బలవంతంగా లాగే పెద్దవాళ్ళుంటారు ఇళ్ళలో, లాగనివ్వకండి, చిరిగి మానినప్పుడే నిజంగా బిగుసుకుపోద్ది. మూత్రం పోసేటప్పుడు తోలు బుడగలా ఉబ్బి బాబు ఏడుస్తుంటే, మాటిమాటికీ ఎర్రబడుతుంటే అప్పుడు చూపించండి, చాలావరకు పూతమందుతోనే వదులవుద్ది.